టచ్ డ్రైవర్ ముందు లేచి జీపీఐఓ వెనక లేస్తే: లేట్_ఇనిట్‌కాల్ ఎందుకు మందు కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆర్మ్ బోర్డు, లైనక్స్ 6.6. టచ్ కంట్రోలర్ ఒక ఐ2సీ బస్సు (బోర్డు మీది చిప్‌లను కలిపే రెండు తీగల దారి) మీద ఉంది. దాని రీసెట్ లైన్ నేరుగా ఎస్ఓసీ (ప్రధాన చిప్) నుంచి కాకుండా, ఇంకో ఐ2సీ బస్సు మీదున్న జీపీఐఓ ఎక్స్‌పాండర్ (అదనపు ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్‌లు ఇచ్చే చిప్) నుంచి వస్తోంది. ఒక్కోసారి బూట్ అయ్యాక టచ్ బాగానే పనిచేస్తుంది, ఒక్కోసారి "రీసెట్ జీపీఐఓ చెల్లదు" అన్న మీ డ్రైవర్ మెసేజ్ వచ్చి అక్కడితో ఆగిపోతుంది. డ్రైవర్‌ను మొదలుపెట్టే మాడ్యూల్_ఇనిట్ బదులు, దాన్ని ఇంకా ఆలస్యంగా మొదలుపెట్టే లేట్_ఇనిట్‌కాల్ పెడితే సమస్య పోయింది. కానీ రివ్యూలో ఆ ప్యాచ్‌ను వెనక్కి పంపారు. పనిచేస్తున్నదాన్ని ఎందుకు వద్దన్నారు, మరి ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను: వరుసను మీరు పెట్టకండి. మీ డివైస్ దేని మీద ఆధారపడి ఉందో కెర్నెల్‌కు తెలిసేలా రాయండి. వరుస సంగతి అదే చూసుకుంటుంది. మీరు పెట్టిన కోడ్ ముక్కను బట్టి రెండు మార్పులు చేస్తే చాలు. మొదటిది, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కు చెప్పే వివరణలో) "టచ్,ఆర్ఎస్‌టీ" అని పెట్టుకున్న పేరు తీసేసి ప్రామాణికమైన "రీసెట్-జీపీఐఓస్" పెట్టండి. రెండోది, డ్రైవర్‌లో ఓఎఫ్_గెట్_నేమ్డ్_జీపీఐఓ, దాని కింద జీపీఐఓ_ఈజ్_వ్యాలిడ్ పరీక్ష తీసేసి డెవ్ఎం_జీపీఐఓడీ_గెట్ వాడండి. అది ఏ ఎర్రర్ ఇస్తే ఆ ఎర్రర్‌నే ప్రోబ్ (డివైస్‌ను సిద్ధం చేయమని కెర్నెల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) నుంచి పైకి పంపండి. తర్వాత మళ్లీ మాడ్యూల్_ఐ2సీ_డ్రైవర్‌కు వెళ్లిపోండి, లేట్_ఇనిట్‌కాల్ అవసరం ఉండదు.

అసలు తప్పు రెండో దాంట్లో ఉంది. ఎక్స్‌పాండర్ ఇంకా సిద్ధం కాకపోతే ఓఎఫ్_గెట్_నేమ్డ్_జీపీఐఓ మీకు ఈప్రోబ్_డిఫర్ ఇస్తుంది, అంటే -517. "ఈ లైన్ ఉంది, ఇచ్చేవాడు ఇంకా రాలేదు, కాసేపాగి రా" అని దాని అర్థం. మీ డ్రైవర్ దాన్ని "చెల్లని నంబర్" కింద లెక్కేసి ఈనోడెవ్ తిరిగి ఇస్తోంది. ఈనోడెవ్ వచ్చిందంటే డ్రైవర్ కోర్‌కు అర్థమయ్యేది "ఇక్కడ నా డివైస్ లేదు" అని. అది ఎర్రర్ కూడా ముద్రించదు, మళ్లీ ప్రయత్నించదు. కాసేపాగితే అయిపోయే పనిని మీ కోడే శాశ్వతంగా మూసేస్తోంది. చిప్ కంపెనీలు ఇచ్చే టచ్ డ్రైవర్లలో ఈ రెండు లైన్లు ఎంత మామూలంటే, కొత్త బోర్డు మీద టచ్ రాలేదంటే నేను మొదట వెతికేది వీటినే.

ఇప్పుడు లేట్_ఇనిట్‌కాల్ సంగతి. బిల్టిన్ కోడ్ (విడి మాడ్యూల్‌గా కాకుండా కెర్నెల్‌లోనే కలిపి కట్టినది) మొదలయ్యే క్రమం అంచెలుగా ఉంటుంది: ప్యూర్ 0, కోర్ 1, పోస్ట్‌కోర్ 2, ఆర్క్ 3, సబ్‌సిస్ 4, ఎఫ్ఎస్ 5, డివైస్ 6, లేట్ 7. మాడ్యూల్_ఇనిట్ అని రాసినది బిల్టిన్ అయినప్పుడు 6వ అంచెలోకి వెళ్తుంది. ఒకే అంచెలో ఏది ముందు అన్నది లింక్ ఆర్డర్ తేలుస్తుంది, అంటే మేక్‌ఫైల్‌లో ఎవరి పేరు పైన ఉంటే వాళ్లు ముందు. మీరు చేసిందల్లా టచ్‌ను 6 నుంచి 7కు జరపడం.

ఈ అంచెలు చెప్పేది డ్రైవర్ ఎప్పుడు నమోదు కావాలి అన్నది మాత్రమే. డివైస్ ఎప్పుడు సిద్ధమవుతుంది అన్నది వేరే సంగతి. ఎక్స్‌పాండర్ డ్రైవర్ 6వ అంచెలో నమోదైనా, దాని పైనున్న ఐ2సీ కంట్రోలర్ ఇంకా రాకపోతే ఎక్స్‌పాండర్ డివైసే పుట్టదు. ఆ కంట్రోలర్‌కు క్లాక్ కావాలి, ఎక్స్‌పాండర్‌కు రెగ్యులేటర్ (కరెంటు ఇచ్చే భాగం) కావాలి, ఆ రెగ్యులేటర్ మూడో ఐ2సీ బస్సు మీదున్న పీఎంఐసీలో (పవర్ చూసుకునే చిప్‌లో) ఉండొచ్చు. ఇంత పొడుగు గొలుసును ఎనిమిది అంచెల్లో ఇరికించలేం. రేపు ఎవరైనా ఎక్స్‌పాండర్‌ను మాడ్యూల్‌గా మారిస్తే అది యూజర్‌స్పేస్ మొదలయ్యాక గానీ లోడ్ కాదు. అప్పుడు 7వ అంచె కూడా ముందే అయిపోయి ఉంటుంది.

మీరు "ఒక్కోసారి" అన్న మాట కూడా నాకు చాలా చెప్పింది. లింక్ ఆర్డర్ బూట్ బూట్‌కూ మారదు. ప్రతి బూట్‌లో ఒకేలా ఫెయిలైతే వరుస సమస్య, అప్పుడప్పుడు ఫెయిలైతే పోటీ సమస్య అని నేను ముందే విడదీసుకుంటాను. మీ దాంట్లో దారిలో ఎక్కడో ఒక డ్రైవర్ అసింక్ ప్రోబ్ పెట్టుకుని ఉంటుంది. అది వేరే థ్రెడ్‌లో నడుస్తుంది కాబట్టి టచ్‌తో పోటీ పడుతుంది. లేట్_ఇనిట్‌కాల్ వల్ల ఆ పోటీలో ఎక్స్‌పాండర్‌కు కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువ దొరికాయి, అంతే. చల్లని గదిలోనో, నెమ్మది ఫ్లాష్ ఉన్న బోర్డులోనో, మరో కెర్నెల్ వెర్షన్‌లోనో మళ్లీ ఓడిపోతుంది. రివ్యూ చేసినవాళ్లు వద్దన్నది అందుకే అనుకుంటున్నాను.

డిఫర్ ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూస్తే భయం పోతుంది. 2012లో 3.4 వెర్షన్‌తో గ్రాంట్ లైక్లీ రాసిన ఈ ఏర్పాటు కెర్నెల్‌లోకి వచ్చింది. ప్రోబ్ ఈప్రోబ్_డిఫర్ ఇస్తే ఆ డివైస్ ఒక పెండింగ్ జాబితాలోకి వెళ్తుంది. సిస్టమ్‌లో ఏ డ్రైవర్ అయినా విజయవంతంగా ప్రోబ్ అయిన ప్రతిసారీ, బహుశా అదే మనవాడు ఎదురుచూస్తున్నది కావచ్చు అనుకుని కెర్నెల్ ఆ జాబితా మొత్తాన్ని వర్క్‌క్యూలో మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎంత పొడుగు గొలుసైనా చివరికి విడిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ మళ్లీ ప్రయత్నించడం లేట్ అంచె వచ్చేదాకా మొదలవదు. 6వ అంచె మొదట్లో డిఫర్ అయిన డివైస్, దానికి కావలసింది మరుక్షణమే సిద్ధమైనా, 7వ అంచెదాకా ఆగాలి. కారు వెనక కెమెరా లాంటి చోట, బూట్ సమయాన్ని మిల్లీసెకన్లలో లెక్కపెట్టే చోట ఇది నొప్పి పెడుతుంది. అలాంటప్పుడు పీఎంఐసీనో జీపీఐఓ కంట్రోలర్‌నో సబ్‌సిస్ అంచెకు ముందుకు తేవడం సబబే, కెర్నెల్‌లో చాలా డ్రైవర్లు అలా ఉన్నాయి కూడా. కానీ అది వేగం కోసం చేసే పని. ఆ మార్పు తీసేసినా డివైస్ ఆలస్యంగానైనా రావాలి. తీసేస్తే అసలు రాకపోతే మీ డిపెండెన్సీ ఇంకా ఎక్కడో రాయకుండా మిగిలి ఉందన్నమాట.

మొదటి మార్పు, అంటే డివైస్ ట్రీలో పేరు, చిన్నదిగా కనిపిస్తుంది గానీ నిజానికి దానివల్ల వచ్చే లాభమే ఎక్కువ. 2021లో 5.13 నుంచి ఎఫ్‌డబ్ల్యూ_డెవ్‌లింక్ అనేది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటోంది. అది డివైస్ ట్రీ చదివి, "-జీపీఐఓస్", "-సప్లై" అని ముగిసే ప్రాపర్టీలు, "క్లాక్స్", "ఇంటరప్ట్స్" లాంటివి చూసి, ఎవరు ఎవరికి ఇస్తున్నారో ముందే లింకులు కట్టుకుంటుంది. ఇచ్చేవాడు సిద్ధం కానిదే తీసుకునేవాడి ప్రోబ్‌ను పిలవను కూడా పిలవదు. మీది 6.6. అయినా ఎక్స్‌పాండర్ రాకముందే మీ ప్రోబ్ నడిచిందంటే, ఆ డిపెండెన్సీ కెర్నెల్‌కు కనిపించలేదనే అర్థం. కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఎవరూ దాన్ని ఆఫ్ చేయకపోతే, కారణం ఆ సొంత పేరే. "టచ్,ఆర్ఎస్‌టీ" అంటే జీపీఐఓ అని దానికి తెలిసే దారి లేదు.

ఈ లింక్ బూట్‌తో ఆగిపోదు. సస్పెండ్, రెజ్యూమ్, షట్‌డౌన్ వరుసలు కూడా దాని మీదే నడుస్తాయి. చేతిలో పట్టుకునే ఒక బిల్లింగ్ పరికరంలో ఇది దగ్గరగా చూశాను. బూట్‌లో టచ్ బాగుంది, స్క్రీన్ ఆరి వెలిగాక మాత్రం అప్పుడప్పుడు చచ్చుబడేది. టచ్ వాళ్లు ఫర్మ్‌వేర్‌ను అనుమానించారు, హార్డ్‌వేర్ వాళ్లు పుల్-అప్ రెసిస్టర్లు మార్చి చూశారు. లాగ్‌లో చూస్తే, టచ్ రెజ్యూమ్ ఫంక్షన్ రీసెట్ లైన్‌ను కదపబోయిన క్షణంలో, ఆ లైన్ ఉన్న ఎక్స్‌పాండర్ బస్సు ఇంకా నిద్రలోనే ఉంది. ఐ2సీ రాత ఎర్రర్‌తో తిరిగొచ్చింది, ఆ ఎర్రర్‌ను ఎవరూ చూడలేదు, చిప్ రీసెట్‌లోనే ఉండిపోయింది. అక్కడా ప్రాపర్టీకి సొంత పేరే. పేరు ప్రామాణికం చేయగానే లింక్ ఏర్పడింది, రెజ్యూమ్ వరుస సరైంది, డ్రైవర్‌లో వేరే ఏ మార్పూ పెట్టాల్సిన పని లేకపోయింది.

అన్నట్టు, మీ రీసెట్ లైన్ ఐ2సీ వెనక ఉంది కాబట్టి జీపీఐఓడీ_సెట్_వ్యాల్యూ కాకుండా దాని క్యాన్‌స్లీప్ రూపాన్ని వాడండి. లేకపోతే ప్రతి రీసెట్‌కూ లాగ్‌లో పెద్ద హెచ్చరిక పడుతుంది.

డివైస్ ట్రీలో రాయలేని సంబంధాలు కొన్ని ఉంటాయి. వాటికి డ్రైవర్‌లోంచే డివైస్_లింక్_యాడ్ పిలవొచ్చు, ఇది 4.10 నుంచి ఉంది. కానీ ముందు డివైస్ ట్రీలో దారి వెతకండి, అక్కడ లేకపోతేనే ఇది.

ఇప్పుడు ప్రోబ్ లోపలి వరుస. బయటి వరుస సరిచేసి లోపలిది వదిలేస్తే సగం పనే అయినట్టు. నేను పాటించేది ఇదీ: ముందు బయటి నుంచి రావలసినవన్నీ తెచ్చుకోవాలి, అంటే రెగ్యులేటర్, క్లాక్, జీపీఐఓ. డిఫర్ రావలసి ఉంటే ఇక్కడే వచ్చేయాలి. తర్వాత పవర్ ఇచ్చి చిప్‌ను లేపి ఐడీ చదవాలి. తర్వాత డ్రైవర్ సొంత డేటా అంతా నింపాలి. ఆ తర్వాతే ఇంటరప్ట్ అడగాలి. అన్నిటికన్నా చివర ఇన్‌పుట్_రిజిస్టర్_డివైస్. ఇంటరప్ట్ అడిగిన మరుక్షణమే హ్యాండ్లర్ నడవొచ్చు. అప్పటికి అది ముట్టుకునే పాయింటర్ నింపి లేకపోతే కెర్నెల్ కూలుతుంది, అదీ ఎవరైనా బూట్ సమయంలో స్క్రీన్ మీద వేలు పెడితేనే. ల్యాబ్‌లో ఎవరూ వేలు పెట్టరు, కొన్నవాళ్లు పెడతారు. డెవ్ఎం ఫంక్షన్లు తెచ్చుకున్న వరుసకు సరిగ్గా తిరగేసి విడుదల చేస్తాయి కాబట్టి, ఎక్కే వరుస సరిగ్గా ఉంటే దిగే వరుస దానంతటదే సరిపోతుంది.

ఒకటి మాత్రం ఎప్పుడూ చేయకండి: పిల్ల డివైస్‌ను రిజిస్టర్ చేశాక ఈప్రోబ్_డిఫర్ తిరిగి ఇవ్వడం. పిల్ల ప్రోబ్ విజయవంతమైతే అది పెండింగ్ జాబితాను కదుపుతుంది. అప్పుడు మీ డివైస్ మళ్లీ ప్రోబ్ అవుతుంది, మళ్లీ పిల్లను పుట్టించి, మళ్లీ డిఫర్ ఇస్తుంది. ఇది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు పిల్లను తీసేసినా ఇది తప్పదని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. చిన్న చిన్న ఫంక్షన్లు ఎన్నో ఉన్న మల్టీఫంక్షన్ చిప్‌ల డ్రైవర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఆప్షనల్ అన్న పేరున్న ఫంక్షన్లతో కూడా జాగ్రత్త. డెవ్ఎం_జీపీఐఓడీ_గెట్_ఆప్షనల్ అంటే "దొరక్కపోయినా ఫర్వాలేదు" అని చాలామంది అనుకుంటారు. డివైస్ ట్రీలో ఆ లైన్ రాయకపోతేనే అది నల్ ఇస్తుంది. రాసి ఉండి, ఇచ్చేవాడు రాకపోతే అది కూడా ఈప్రోబ్_డిఫరే ఇస్తుంది. దాన్ని కూడా "లేదులే" అని వదిలేసి ముందుకెళ్లే డ్రైవర్లు ఉన్నాయి. అవి ఒక బూట్‌లో రీసెట్‌తో, ఒక బూట్‌లో రీసెట్ లేకుండా నడుస్తాయి. పూర్తిగా ఫెయిలయ్యే డ్రైవర్ కన్నా ఇలాంటిది పట్టుకోవడం కష్టం.

రెగ్యులేటర్ల దగ్గర ఇంకో గుంట ఉంది, ఇది వివరంగా చెప్పాలి. మామూలు రెగ్యులేటర్_గెట్, డివైస్ ట్రీలో సప్లై రాయకపోతే ఎర్రర్ ఇవ్వదు. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందనుకుని ఒక డమ్మీని చేతిలో పెడుతుంది. ఒక బోర్డులో ఉష్ణోగ్రత సెన్సర్ బూట్ అయ్యాక చక్కగా రీడింగులు ఇచ్చి, దాదాపు అర నిమిషానికి ఐ2సీ టైమౌట్‌లోకి వెళ్లేది. రీబూట్ చేస్తే మళ్లీ అర నిమిషం బాగుండేది. ఆ అర నిమిషమే ఆనవాలు. ఎవరూ వాడని రెగ్యులేటర్లను కెర్నెల్ బూట్ పూర్తయ్యాక 30 సెకన్లు ఆగి ఆపేస్తుంది. సెన్సర్ కరెంటు వచ్చే లైన్‌ను బూట్‌లోడర్ ఆన్ చేసి పెట్టింది, డివైస్ ట్రీలో మాత్రం సెన్సర్‌కు సప్లై రాయలేదు. డ్రైవర్ డమ్మీని పట్టుకుని కూర్చుంది, అసలు లైన్‌కు దిక్కు లేదు. లాగ్‌లో ఆ రెగ్యులేటర్ పేరు, పక్కన "డిజేబ్లింగ్" అన్న మాట కూడా ఉన్నాయి. నోడ్‌లో సప్లై లైన్ ఒకటి చేర్చగానే తీరిపోయింది.

క్లాక్‌ల విషయంలో ఆ 30 సెకన్ల గడువు కూడా లేదు. లేట్ అంచె అయిన వెంటనే వాడని క్లాక్‌లు ఆగిపోతాయి. డిస్‌ప్లే డ్రైవర్ మాడ్యూల్ అయితే, బూట్‌లోడర్ చూపిస్తున్న లోగో మధ్యలో ఆరిపోయేది చాలాసార్లు ఇందుకే. కమాండ్ లైన్‌లో సీఎల్‌కే_ఇగ్నోర్_అన్‌యూజ్డ్ పెడితే అదేనా కాదా తేలిపోతుంది. తేలాక దాన్ని తీసేయండి, ప్రొడక్ట్‌లో వదలకండి. ఇచ్చేవాడి డ్రైవర్ మీ చేతిలో ఉంటే సింక్_స్టేట్ కాల్‌బ్యాక్ ఉంది. తీసుకునేవాళ్లందరూ ప్రోబ్ అయ్యాకే కెర్నెల్ దాన్ని పిలుస్తుంది, బూట్‌లోడర్ వదిలివెళ్లిన స్థితిని అప్పుడు సర్దుకోవచ్చు.

ఎదురుచూసే డివైస్ ఎప్పటికీ రాకపోతే? దీనికి మొదట చూడాల్సింది డీబగ్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ లోపలి స్థితిని ఫైళ్లుగా చూపే చోట) డివైసెస్_డిఫర్డ్ అనే ఫైల్. ఇంకా పెండింగ్‌లో ఉన్న డివైస్‌లన్నీ అందులో ఉంటాయి. ప్రోబ్‌లో మామూలు ఎర్రర్ ప్రింట్ బదులు డెవ్_ఎర్_ప్రోబ్ వాడితే, ఎందుకు ఆగిందో కారణం కూడా అక్కడే పక్కన కనిపిస్తుంది. పైగా అది డిఫర్ అయినప్పుడు లాగ్‌ను నింపదు, నిజమైన ఎర్రర్ అయితేనే ముద్రిస్తుంది. నేను చూసినంతలో శాశ్వతంగా ఆగిపోయేవాటిలో ఎక్కువ భాగం చాలా మామూలు కారణాలు: ఇచ్చేవాడి నోడ్‌లో స్టేటస్ డిజేబుల్డ్ అని ఉండటం, దాని కాన్ఫిగ్ ఆఫ్‌లో ఉండటం, మాడ్యూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోకి (బూట్‌లో మొదట వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌లోకి) చేరకపోవడం.

మిగిలిన కొద్దిపాటి కేసుల్లో చక్రం ఉంటుంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగుతారు. డిస్‌ప్లే కంట్రోలర్, బ్రిడ్జ్, ప్యానెల్ ఉన్నచోట ఇది సహజం. ఎఫ్‌డబ్ల్యూ_డెవ్‌లింక్ తాను కట్టిన లింకుల్లోని చక్రాలను గుర్తించి సడలిస్తుంది, కానీ డ్రైవర్లు సొంతంగా డిఫర్ ఇచ్చుకుంటూ కట్టిన చక్రాన్ని అది విప్పలేదు. అక్కడ ఒకరు ముందుగా తమను తాము నమోదు చేసుకుని, రెండోవాడి కోసం వెతకడాన్ని తర్వాతి దశకు వాయిదా వేయాలి. డిస్‌ప్లే వాళ్లు వాడే కాంపొనెంట్ ఫ్రేమ్‌వర్క్ ఈ అవసరం కోసం వచ్చిందే. అన్ని ముక్కలూ చేరాకే అది బైండ్ పిలుస్తుంది.

మాడ్యూల్స్ వాడేవాళ్లకు ఒక మాట. మాడ్యూల్స్‌ను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ చూసుకునేది సింబల్ డిపెండెన్సీ, అంటే ఒక మాడ్యూల్ కోడ్ ఇంకో మాడ్యూల్‌లోని ఏ ఫంక్షన్లను వాడుతోంది అన్నది. ఒక మాడ్యూల్ కోడ్ లోడ్ అయిందంటే దాని డివైస్ ప్రోబ్ అయిందని కాదు. కాబట్టి మాడ్యూల్_సాఫ్ట్‌డెప్ (ఫలానా మాడ్యూల్‌ను ముందు లోడ్ చేయమనే సూచన) పెట్టి ఊపిరి పీల్చుకోకండి. దానికి వేరే ఉపయోగాలు ఉన్నాయి గానీ డిఫర్‌కు అది బదులు కాదు.

ఇంతకూ అంచెలు ఎందుకు పనికొస్తాయి? ఫ్రేమ్‌వర్క్‌లకు. ఐ2సీ కోర్ పోస్ట్‌కోర్‌లో, రెగ్యులేటర్ కోర్ కోర్ అంచెలో, ఇన్‌పుట్ కోర్ సబ్‌సిస్‌లో మొదలవుతాయి. బస్సే నమోదు కాకపోతే దాని మీద డ్రైవర్ ఎలా నమోదవుతుంది? అక్కడ అంచె తప్పనిసరి. మీరు కొత్త బస్సో కొత్త ఫ్రేమ్‌వర్కో రాస్తుంటే అంచెను జాగ్రత్తగా ఎంచుకోండి. డ్రైవర్ రాస్తుంటే దాని జోలికి పోకండి.

మార్పులు చేశాక పరీక్ష ఇలా చేయండి. కమాండ్ లైన్‌లో ఇనిట్‌కాల్_డీబగ్ పెడితే ఏ ఇనిట్‌కాల్ ఎప్పుడు మొదలై ఎంతసేపు పట్టిందో లాగ్‌లో పడుతుంది. లాగ్ బఫర్ చాలకపోతే లాగ్_బఫ్_లెన్ పెంచుకోండి. తర్వాత టచ్‌ను, ఎక్స్‌పాండర్‌ను రెండింటినీ మాడ్యూల్స్‌గా కట్టి, ఒకసారి టచ్ ముందు, ఒకసారి ఎక్స్‌పాండర్ ముందు లోడ్ చేయండి. రెండుసార్లూ టచ్ రావాలి. ఆపైన సిస్‌ఎఫ్ఎస్‌లోంచి ఎక్స్‌పాండర్‌ను అన్‌బైండ్ చేసి చూడండి. లింక్ సరిగ్గా ఏర్పడి ఉంటే కెర్నెల్ ముందు టచ్‌ను విప్పి, తర్వాతే ఎక్స్‌పాండర్‌ను విప్పుతుంది. మళ్లీ బైండ్ చేస్తే టచ్ తిరిగి రావాలి. వీలైతే డీబగ్_టెస్ట్_డ్రైవర్_రిమూవ్ కాన్ఫిగ్‌తో ఒక కెర్నెల్ కట్టండి. అది ప్రతి డ్రైవర్‌నూ ప్రోబ్, రిమూవ్, మళ్లీ ప్రోబ్ చేయిస్తుంది. సస్పెండ్, రెజ్యూమ్ కూడా వరుసగా చాలాసార్లు తిప్పండి.

ప్యాచ్ మళ్లీ పంపేటప్పుడు రెండుగా విడదీయండి: డివైస్ ట్రీ మార్పు ఒకటి, డ్రైవర్ మార్పు ఒకటి. పాత డివైస్ ట్రీతో ఇప్పటికే బయటికి వెళ్లిన బోర్డులు ఉంటే కొత్త డ్రైవర్ వాటిమీద కూడా నడవాలి. అప్పుడు పాత పేరును కూడా కొంతకాలం ఆదుకోక తప్పదు. ఆ పాత దారిలో కూడా -517 వస్తే దాన్ని అలాగే పైకి పంపండి. ఇవన్నీ అయ్యాక కూడా టచ్ రాకపోతే, డివైసెస్_డిఫర్డ్‌లో ఆ డివైస్ లైన్, టచ్ నోడ్, ఎక్స్‌పాండర్ నోడ్ మూడూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.